బ్రిటిష్ పోలీసు నవలలు: ఏ ఇన్‌స్పెక్టర్‌తో మొదలుపెడితే మీకు నప్పుతుంది?

"హత్య కేసులు, బ్రిటిష్ పోలీసులు, వరసగా చదువుకోడానికి ఓ పది పుస్తకాలు. ఏవి మొదలుపెట్టను?" అని అడిగేవాళ్లకి నేను వెంటనే పేరు చెప్పను. ముందు రెండు సంగతులు కనుక్కుంటాను. మీరు పడుకునేముందు పదేసి పేజీలు చదివే రకమా, ఆదివారం కూర్చుంటే పుస్తకం అయ్యేదాకా లేవని రకమా? ఇంగ్లీషులో తెలియని మాట తగిలితే ఆగి అర్థం వెతుక్కుంటారా, దాటేసి వెళ్లిపోతారా?

ఇవి అడగకుండా పుస్తకం చేతిలో పెట్టినందుకు ఒకసారి మా అక్క దగ్గర మాట పడ్డాను. ఆమెకి పి.డి. జేమ్స్ రాసిన 'ది ప్రైవేట్ పేషెంట్' ఇచ్చాను. ఫలానా ఆవిడ ఇంకో మూడు వారాల్లో హత్యకు గురవుతుందని ఆ నవల మొదటి వాక్యంలోనే ఉంటుంది. అక్క ఆశగా మొదలుపెట్టింది. నాలుగు రోజులయ్యాక ఫోన్ చేసి, "ఏమే, చచ్చిపోతుందన్నావిడ ఇంకా తిరుగుతూనే ఉంది. ఎన్ని పేజీలు ఆగాలే?" అంది. పుస్తకం తిరిగిచ్చేసింది. అదే పుస్తకాన్ని అక్క కూతురు రెండుసార్లు చదివింది. తను లండన్‌లో నర్సు. కథ జరిగేది ఒక ప్రైవేట్ ప్లాస్టిక్ సర్జరీ క్లినిక్‌లో. "పిన్నీ, ఆ క్లినిక్‌లో ఎవరు ఎవరికి భయపడతారో ఎంత బాగా పట్టుకుందో చూశావా" అని వాయిస్ మెసేజ్ పెట్టింది.

అక్క రిటైరైన టీచరు. ఆమె, ఆమె కూతురు, మా ఆఫీసులో ఆడిట్ చూసే మిత్రుడొకాయన, నేను. పదేళ్లకు పైగా మేం నలుగురం ఈ నవలలు ఒకరి తర్వాత ఒకరం చదువుతూ, పోట్లాడుకుంటూ ఉన్నాం. నాకు అర్థమైంది ఏమిటంటే, చదివిన ఆరు నెలలకి హంతకుడెవరో చాలావరకు మర్చిపోతాం. కేసు పట్టిన మనిషి, అతను తిరిగిన ఊరు మాత్రం గుర్తుండిపోతాయి. పది, ఇరవై పుస్తకాల సిరీస్ మొదలుపెట్టడమంటే ఒక మనిషితో ఏళ్ల తరబడి స్నేహం చేయడం. అందుకే ఈ పోలికలో ఎవరి కథలో ఎన్ని మలుపులున్నాయో లెక్కపెట్టలేదు. మనిషి ఎలాంటివాడు, ఊరు ఎలాంటిది, ఇంగ్లీషు ఎంత బరువు అనే మూడే చూశాను.

మొదలుపెట్టే ముందు తెలిస్తే మంచివి

డిటెక్టివ్ అనగానే మనకి కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు గుర్తొస్తారు. యుగంధర్ ప్రైవేట్ డిటెక్టివ్. పోలీసులే వచ్చి ఆయన సాయం అడుగుతారు. నేను చెబుతున్న నవలల్లో పోలీసు ఇన్‌స్పెక్టరే కథానాయకుడు. అతనికి పైన అధికారి ఉంటాడు, రాయాల్సిన రిపోర్టులుంటాయి, సెలవు దొరకదు, టీమ్‌లో ఒకరికొకరు పడదు. కథలో సగం రుచి అక్కడే ఉంది.

హోదాల దగ్గర మనవాళ్లు తికమకపడతారు. అక్కడ కానిస్టేబుల్ పైన సార్జెంట్, ఆ పైన ఇన్‌స్పెక్టర్, చీఫ్ ఇన్‌స్పెక్టర్, సూపరింటెండెంట్. మన ఎస్సై లాంటి హోదా ఈ వరసలో కనబడదు. పేరు ముందు 'డిటెక్టివ్' అని ఉంటే ప్రమోషన్ వచ్చిందని కాదు, మఫ్టీలో నేర పరిశోధన చేసే విభాగంలో ఉన్నారని అర్థం. స్కాట్లాండ్ యార్డ్ స్కాట్లాండ్‌లో లేదు. అది లండన్ మెట్రోపాలిటన్ పోలీసుల ముఖ్య కార్యాలయం. అక్కడ మామూలు పోలీసుల నడుముకి తుపాకీ ఉండదు కాబట్టి ఎన్‌కౌంటర్ కోసం ఎదురుచూడొద్దు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1984 నాటి చట్టం వచ్చాక పోలీసు విచారణ పద్ధతే మారిపోయింది. అనుమానితుణ్ని ప్రశ్నించేటప్పుడు టేపు తిరుగుతూ ఉండాలి, లాయరు పక్కన కూర్చోవచ్చు, కేసు పెట్టకుండా మామూలుగా 24 గంటలకు మించి ఉంచకూడదు. పెద్ద నేరాల్లో మేజిస్ట్రేట్ అనుమతితో గరిష్ఠంగా 96 గంటలు. ఆ తర్వాతి కాలం నవలల్లో ఇంటరాగేషన్ గదిలో గడియారం వైపు ఎందుకలా చూస్తుంటారో ఇది తెలిస్తే అర్థమవుతుంది. ఆ టెన్షన్ నిజమైనదే.

మోర్స్: తప్పు లెక్కలు వేసి వేసి జవాబు పట్టే మనిషి

కాలిన్ డెక్స్‌టర్ 13 మోర్స్ నవలలు రాశారు. మొదటిది 1975లో వచ్చిన 'లాస్ట్ బస్ టు ఉడ్‌స్టాక్', చివరిది 1999లో వచ్చిన 'ది రిమోర్స్‌ఫుల్ డే'. ఊరు ఆక్స్‌ఫర్డ్. డెక్స్‌టర్ మొదట లాటిన్, గ్రీకు చెప్పే మాస్టారు. చెవుడు ముదరడంతో 1966లో బడి వదిలేసి, ఆక్స్‌ఫర్డ్‌లోనే పరీక్షలు నిర్వహించే సంస్థలో చేరారు. క్రాస్‌వర్డ్‌లంటే ఆయనకు ప్రాణం. మోర్స్, లూయిస్ అనే పేర్లు కూడా క్రాస్‌వర్డ్ పోటీల్లో తనతో తలపడిన వాళ్లవే తీసుకున్నారు. ఈ నవలలు ఎందుకిలా ఉంటాయో చెప్పడానికి ఆ ఒక్క సంగతి చాలు. క్రాస్‌వర్డ్ చేసేవాడు పెన్సిల్‌తో ఒక మాట రాస్తాడు, రెండు గళ్ల తర్వాత పొసగక చెరిపేస్తాడు, మళ్లీ రాస్తాడు. చీఫ్ ఇన్‌స్పెక్టర్ మోర్స్ కేసు పట్టేదీ అచ్చం అలాగే.

మొదటి నవలే తీసుకోండి. రాత్రి పూట ఇద్దరమ్మాయిలు ఉడ్‌స్టాక్ వెళ్లే బస్సు కోసం నిలబడి ఉంటారు. ఎంతకీ బస్సు రాదు. దారిలో ఎవరినైనా లిఫ్ట్ అడుగుదామని నడక మొదలుపెడతారు. ఆ రాత్రే వాళ్లలో ఒకమ్మాయి ఉడ్‌స్టాక్‌లో ఒక పబ్ వెనక ఖాళీ స్థలంలో శవమై దొరుకుతుంది. చంపిందెవరన్న ప్రశ్న కంటే ముందు మోర్స్‌ని ఇంకోటి తొలిచేస్తుంది. రెండో అమ్మాయి ఎవరు? తన పక్కన నిలబడిన అమ్మాయి చనిపోయిందని పేపర్లో వచ్చాక కూడా ఎందుకు నోరు విప్పదు? ఈ చిన్న చిక్కు మీద మోర్స్ మేడ కడతాడు. అది కూలిపోతుంది. మళ్లీ కడతాడు. పక్కన సార్జెంట్ లూయిస్ ఓపిగ్గా వింటూ, మామూలు సంగతొకటి చెబుతాడు. ఆ మాటతో మేడ పునాది కదులుతుంది.

మా ఆడిట్ మిత్రుడికి ఇది అస్సలు గిట్టదు. "ఆధారం దొరక్కముందే నిర్ణయానికి వచ్చే అధికారిని నేనైతే సస్పెండ్ చేయిస్తానండీ" అంటారు. అక్కకి అదే నచ్చింది. "తప్పు చేసి దిద్దుకునే మనిషే నాకిష్టం, అన్నీ ముందే తెలిసినవాడు నాకెందుకు?" అంది. మోర్స్‌కి శవాన్ని చూస్తే కళ్లు తిరుగుతాయి. ఎత్తైన చోటుకి ఎక్కాలంటే భయం. రిపోర్టులో అక్షరదోషం కనబడితే హత్య సంగతి పక్కన పెట్టి దాన్ని దిద్దుతాడు. పబ్‌లో బీరు తాగేది ఇతను, చాలాసార్లు డబ్బులిచ్చేది జీతం తక్కువైన లూయిస్.

అక్కని ఈ సిరీస్‌కి కట్టిపడేసిన నవల 1977 నాటి 'ది సైలెంట్ వరల్డ్ ఆఫ్ నికొలస్ క్విన్'. విదేశాల్లో పరీక్షలు నడిపే బోర్డు ఒకటి. అందులో కొత్తగా చేరిన క్విన్‌కి చెవులు సరిగా వినపడవు. ఎదుటివాళ్ల పెదవుల కదలికను చూసి మాటలు పోల్చుకుంటాడు. దూరాన ఇద్దరు గుసగుసలాడుతుంటే మనకి వినపడదు, అతనికి 'కనబడుతుంది'. ముప్పై ఏళ్లు పేపర్లు దిద్దిన అక్క ఆ బోర్డు మీటింగులు, సీలు వేసిన కవర్లు, ప్రశ్నపత్రాల గుట్టు గురించిన పేజీలు చదివి, "రాసినాయన ఈ గదుల్లో కూర్చున్నవాడే, అనుమానం లేదు" అంది. అప్పటికి ఆమెకి డెక్స్‌టర్ ఉద్యోగం సంగతి తెలియదు.

లోపం కూడా చెప్పాలి. ఆడవాళ్లని మోర్స్ చూసే చూపు, డెక్స్‌టర్ వర్ణించే తీరు చాలాచోట్ల ఇబ్బంది పెడతాయి. నర్సు అమ్మాయి మూడో నవల దగ్గర ఈ కారణంతోనే ఆపేసింది, ఆమెని తప్పుపట్టలేను. ఇంగ్లీషు మధ్యస్థంగా ఉంటుంది. వాక్యాలు చిన్నవే, మాటలు మాత్రం ఏరి ఏరి వాడతారు. చాలా అధ్యాయాల మొదట్లో ఎక్కడిదో ఒక పాత వాక్యం ఉంటుంది. తెలియకపోతే దాటేయండి, కథకి నష్టం లేదు.

టీవీ చూసి వచ్చినవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. జాన్ థా మోర్స్‌గా, కెవిన్ వేట్లీ లూయిస్‌గా 1987 నుంచి 2000 వరకు 33 భాగాలు వచ్చాయి. పుస్తకాలు పదమూడే కాబట్టి మిగతావి విడిగా రాయించుకున్న కథలు. తొలి నవలల్లో లూయిస్ మోర్స్ కంటే కాస్త పెద్దవాడు. టీవీలో కుర్రవాడు. తొలి నవలల్లో మోర్స్ నడిపేది లాన్సియా, టీవీలో ఎర్ర జాగ్వార్. తర్వాతి పుస్తకాల్లోకి ఆ జాగ్వారే వచ్చేసింది. ఆ సిరీస్ సంగీతంలో 'మోర్స్' అనే పేరు మోర్స్ కోడ్ చుక్కలు, గీతల్లో వినిపిస్తుంది. టీవీ మోర్స్ పుస్తకంలో మోర్స్ కంటే మంచివాడు. అతన్ని ప్రేమించి పుస్తకం తెరిస్తే మొదట నిరాశ కలుగుతుంది. రెండో పుస్తకం దాకా ఓపిక పట్టండి.

రీబస్: ఒక ఊరితో పాటు ముసలివాడైనవాడు

ఈ ఇన్‌స్పెక్టర్లందరిలో నాకు దగ్గరివాడు జాన్ రీబస్. ఇయన్ రాంకిన్ 1987లో 'నాట్స్ అండ్ క్రాసెస్'తో మొదలుపెట్టారు. అప్పటికాయన ఎడిన్‌బరాలో పరిశోధక విద్యార్థి. తను అద్దెకున్న ఆర్డెన్ స్ట్రీట్‌లోనే రీబస్‌కి కాపురం పెట్టారు. మిగతా సిరీస్‌లలో పోలీసులకి వయసు ఎక్కడో ఆగిపోతుంది. రీబస్‌కి మనకి పెరిగినట్టే పెరుగుతుంది. 2007లో 'ఎగ్జిట్ మ్యూజిక్' నాటికి అరవై వచ్చి రిటైరయ్యాడు. 2012లో పాత కేసుల విభాగంలో ఉద్యోగిగా తిరిగొచ్చాడు. మెట్లెక్కితే ఆయాసపడే మనిషిగా తర్వాతి నవలల్లోనూ కనబడతాడు. ఆర్థర్స్ సీట్ కొండ, యంగ్ స్ట్రీట్‌లోని ఆక్స్‌ఫర్డ్ బార్ నిజంగా ఉన్నవే. ఎడిన్‌బరా వెళ్లిన మనవాళ్లు చాలామంది కోట చూసి వచ్చేస్తారు. ఆ కోట కింది గల్లీల్లో ఎవరు బతుకుతున్నారో ఈ నవలలు చెబుతాయి.

ఒక్క ఉదాహరణ చాలు. 1836లో కుందేళ్ల వేటకి ఆర్థర్స్ సీట్ ఎక్కిన పిల్లలకి ఒక గూడులాంటి చోట 17 చిన్న శవపేటికలు దొరికాయి. ఒక్కోటి అరచేతిలో పట్టేంత. ఒక్కోదానిలో గుడ్డ తొడిగిన చెక్కబొమ్మ. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఈనాటికీ తేలలేదు. మిగిలిన ఎనిమిదీ స్కాట్లాండ్ నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. 2001లో వచ్చిన 'ది ఫాల్స్'లో ఒక విద్యార్థిని కనబడకుండా పోతుంది. ఆమె సొంతూరి దగ్గర అలాంటిదే ఒక చిన్న పెట్టె, అందులో బొమ్మ. రీబస్ మ్యూజియంకి వెళ్లి ఆ పాత పెట్టెల ముందు నిలబడే చోట నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఊరి చరిత్రని కథలోకి ఇలా తేవడం ఈ సిరీస్‌లో మళ్లీ మళ్లీ కనబడుతుంది.

చాలామంది పాఠకులు 'బ్లాక్ అండ్ బ్లూ' నుంచి మొదలుపెట్టమంటారు. అది ఎనిమిదో నవల, 1997లో వచ్చింది, బ్రిటన్ క్రైమ్ రచయితల సంఘం ఇచ్చే గోల్డ్ డాగర్ గెలిచింది. 1968, 69లలో గ్లాస్గోలో ముగ్గురు స్త్రీలని చంపి దొరక్కుండా పోయిన హంతకుణ్ని పత్రికలు బైబిల్ జాన్ అని పిలిచాయి. ఆ నిజమైన కేసుని కథలోకి తెచ్చి, ఆ హంతకుణ్ని అనుకరించే ఇంకొకణ్ని సృష్టించారు రాంకిన్. అబర్డీన్ చమురు వ్యాపారం కూడా అందులోకే వస్తుంది. గొప్ప నవల, కాదనను. కానీ ఒకేసారి నాలుగు కేసులు నడుస్తాయి, పేర్లు బోలెడు. కొత్తవాళ్లకి దాని కంటే 'ది ఫాల్స్' నయమని నా అభిప్రాయం. ఆడిట్ మిత్రుడు మాత్రం 'బ్లాక్ అండ్ బ్లూ' దగ్గరే మొదలుపెట్టి, పేర్లన్నీ ఒక కాగితం మీద పట్టిక వేసుకుని చదివారు. ఆయనకి అది బాగా నచ్చింది. మొదటి నవలతో మొదలుపెట్టాలన్న నియమం పెట్టుకోకండి. అది రచయిత చెయ్యి తిరగక ముందు రాసింది, చిన్నది, దాన్ని చదివి సిరీస్ మొత్తం ఇంతేననుకుని వదిలేసినవాళ్లు నాకు తెలుసు.

ఫిర్యాదులూ ఉన్నాయి. తాగుడు ఎక్కువ, నిద్ర తక్కువ, పై అధికారితో తగువు, కూతురితో ఎడం. ఇలాంటి పోలీసుని సినిమాల్లో చాలాసార్లు చూశాం కదా అంటుంది అక్క. దానికి నా జవాబు షివాన్ క్లార్క్. రీబస్ కింద పనిచేసే ఈ యువ అధికారి నవల నవలకీ ఎదుగుతూ, చివరికి అతనికంటే మెరుగైన పోలీసు అవుతుంది. ఎడిన్‌బరా నేరసామ్రాజ్యాన్ని నడిపే కాఫర్టీకీ రీబస్‌కీ మధ్య నడిచేది ఇంకొకటి. ఇద్దరూ శత్రువులు, ఇద్దరూ ఒకే కాలం మనుషులు. వయసు మీద పడేకొద్దీ ఒకరి మాట ఇంకొకరికే అర్థమవుతుంది. అది కావాలంటే మాత్రం నవలలు వరసలో చదవాలి.

ఇంగ్లీషు సంగతి: స్కాట్లాండ్ మాటలు తగులుతాయి. సముద్రం మీంచి వచ్చే మంచుని 'హార్' అంటారు, మబ్బు పట్టి ముసురుగా ఉంటే 'డ్రీక్', చిన్నదైతే 'వీ'. పదిహేను ఇరవై మాటలు పట్టుబడితే చాలు, తర్వాత బండి సాఫీగా నడుస్తుంది. అక్కడి న్యాయవ్యవస్థ కూడా ఇంగ్లండ్‌ది కాదు. ప్రాసిక్యూషన్ చూసే అధికారిని 'ఫిస్కల్' అంటారు, ఆ మాట పేజీ పేజీకీ వస్తుంది. విదేశంలో స్థిరపడ్డ మన పిల్లలకి 2004 నాటి 'ఫ్లెష్‌మార్కెట్ క్లోజ్' ప్రత్యేకంగా చెబుతాను. ఆశ్రయం కోరి వచ్చిన ఒక వలసదారు హత్య చుట్టూ తిరిగే కథ అది. వచ్చినవాళ్లని ఊరు ఎలా చూస్తుందో దాచకుండా రాశారు.

డాల్గ్లిష్: ఓపిక ఉన్నవాళ్లకి

ఆడమ్ డాల్గ్లిష్ స్కాట్లాండ్ యార్డ్ అధికారి, కవి కూడా. 1962లో 'కవర్ హర్ ఫేస్' నుంచి 2008లో 'ది ప్రైవేట్ పేషెంట్' వరకు 14 నవలలు. పి.డి. జేమ్స్ ఏళ్ల తరబడి ఆసుపత్రి పరిపాలనలో పనిచేసి, తర్వాత బ్రిటన్ హోం శాఖలో ఉద్యోగం చేశారు. ఆఫీసులు లోపల ఎలా నడుస్తాయో ఆవిడకి తెలుసు. ఆవిడ హత్యలు ఎక్కువగా మూసి ఉన్న సంస్థల్లో జరుగుతాయి: నర్సింగ్ స్కూలు, ఫోరెన్సిక్ ల్యాబ్, ప్రచురణ సంస్థ.

1971 నాటి 'ష్రౌడ్ ఫర్ ఎ నైటింగేల్' ఆరంభం మా నర్సు అమ్మాయికి నోటికొచ్చు. విద్యార్థినులు వరసగా కూర్చుని ఉంటారు. తనిఖీకి వచ్చిన అధికారిణి ముందు, రోగికి గొట్టం ద్వారా కడుపులోకి పాలు ఎలా పంపాలో చూపిస్తున్నారు. రోగిగా పడుకున్నది వాళ్లలో ఒక అమ్మాయే. పాలు లోపలికి వెళ్లిన కాసేపటికే ఆ అమ్మాయి మెలికలు తిరిగిపోతుంది. ఆ పాలలో ఏదో కలిసింది. "ట్యూబ్ ఫీడింగ్ ఇచ్చే ప్రతిసారీ ఆ పేజీ గుర్తొస్తుంది పిన్నీ, సీసా మీద లేబుల్ ఇంకోసారి చూసుకుంటాను" అంది తను.

నిదానం ఈ సిరీస్ స్వభావం. ఒక గదిలోకి అడుగుపెడితే అందులోని కుర్చీలు, పటాలు, వాటిని కొన్నవాళ్ల అభిరుచి, అంతా చెప్పాకే ఎవరైనా మాట్లాడతారు. వాక్యాలు పొడవు, ఇంగ్లీషు బరువు. పదేసి పేజీలు చదివేవాళ్లకి ఇది హాయి, ఏకబిగిన చదివేవాళ్లకి భారం. 'ష్రౌడ్' చదివి నచ్చితే 1986 నాటి 'ఎ టేస్ట్ ఫర్ డెత్'కి వెళ్లండి. లండన్ చర్చిలో ఒక మాజీ మంత్రి, ఒక దేశదిమ్మరి పక్కపక్కనే గొంతు కోసి పడి ఉంటారు. ఈ ఇద్దరినీ ఒకే గదిలోకి తెచ్చిందేమిటన్నదే కథ. కేట్ మిస్కిన్ అనే అధికారిణి వచ్చేది ఈ నవలతోనే. పేద ఇంటి నుంచి, అమ్మమ్మ పెంపకంలో పెరిగి వచ్చిన కేట్ ఆ పెద్దింటి గదుల్లో ఎలా మెలగుతుందో చూడటానికే నేను దీన్ని రెండోసారి చదివాను.

ఆన్ క్లీవ్స్: ఇంగ్లీషు నవలలు కొత్తయితే ఇక్కడే

ఇంగ్లీషులో పెద్ద నవల ఇంతవరకు పూర్తిచేయనివాళ్లకి నేను మొదట ఇచ్చేవి ఆన్ క్లీవ్స్ పుస్తకాలు. భాష తేట, అధ్యాయాలు చిన్నవి. ఆవిడవి రెండు పెద్ద సిరీస్‌లున్నాయి. నార్తంబర్‌లాండ్‌లో వీరా స్టాన్‌హోప్, స్కాట్లాండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో జిమ్మీ పెరెజ్.

వీరా తొలి నవల 'ది క్రో ట్రాప్' 1999లో వచ్చింది. అందులో వీరా చాలా పేజీల తర్వాత గానీ రాదు. ఒక అంత్యక్రియల దగ్గర, చేతుల్లో సంచులతో, ఎవరో దారి తప్పి వచ్చిన పెద్దావిడలా చర్చిలోకి అడుగుపెడుతుంది. లావుగా ఉంటుంది, బట్టల మీద ధ్యాస లేదు, ఎవరి మెప్పూ అక్కర్లేదు. ఎదుటివాళ్లని "లవ్", "పెట్" అని ప్రేమగా పిలుస్తూనే కూపీ లాగుతుంది. బ్రెండా బ్లెతిన్ 2011 నుంచి 2025 వరకు 14 సీజన్లలో ఆ పాత్ర వేశారు. టీవీ చూసినవాళ్లకి పుస్తకం పరాయిగా అనిపించదు, మోర్స్‌లో ఉన్న దూరం ఇక్కడ లేదు. పక్షుల గుడ్లు దొంగతనంగా సేకరించే తండ్రి దగ్గర పెరిగిన ఒంటరితనం మాత్రం పుస్తకంలో ఎక్కువ లోతుగా తెలుస్తుంది.

నా ఓటు షెట్లాండ్‌కి. 2006లో గోల్డ్ డాగర్ తెచ్చిన 'రేవెన్ బ్లాక్' కొత్త సంవత్సరం రాత్రి మొదలవుతుంది. మాగ్నస్ అనే ఒంటరి ముసలాయన, ఎవరైనా శుభాకాంక్షలు చెప్పడానికి వస్తారేమోనని మేలుకుని కూర్చుంటాడు. ఏళ్ల తరబడి ఆ గడప ఎవరూ తొక్కలేదు. ఆ రాత్రి ఇద్దరు టీనేజీ అమ్మాయిలు తలుపు తడతారు. కొద్దిరోజులకి వాళ్లలో ఒకమ్మాయి మంచులో శవమై కనబడుతుంది, పైన కాకులు తిరుగుతుంటాయి. ఊరంతా మాగ్నస్ వైపే వేలు చూపిస్తుంది. అంతకు ముందెప్పుడో ఒక చిన్నపిల్ల కనబడకుండా పోయినప్పుడూ అతన్నే అన్నారు. పల్లెటూళ్లో ఒకసారి పడ్డ మచ్చ ఎలా పోదో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ ఒక్క పుస్తకం మాత్రం మా నలుగురికీ సమానంగా నచ్చింది.

పెరెజ్ అనే స్పెయిన్ పేరు ఆ దీవుల్లో ఎక్కడిదని అనుమానం వస్తుంది. 1588లో ఫెయిర్ ఐల్ దగ్గర స్పెయిన్ నౌకాదళంలోని ఓడ ఒకటి మునిగింది. ఆ ఓడలోంచి బతికి బయటపడినవాళ్ల వంశమని కుటుంబంలో చెప్పుకుంటారు. 2018 వరకు వచ్చిన ఎనిమిది నవలల్నీ తప్పకుండా వరసలోనే చదవండి: 'రేవెన్ బ్లాక్', 'వైట్ నైట్స్', 'రెడ్ బోన్స్', 'బ్లూ లైట్నింగ్', 'డెడ్ వాటర్', 'థిన్ ఎయిర్', 'కోల్డ్ ఎర్త్', 'వైల్డ్ ఫైర్'. నాలుగోదానిలో జరిగే ఒక సంఘటనతో పెరెజ్ జీవితం మారిపోతుంది. ఐదోది ముందు చదివితే మొదటి నాలుగూ పాడైపోతాయి. పుస్తకాల వెనక అట్టలు కూడా చదవకండి.

ఇంకో ఇద్దరు

రూత్ రెండెల్ రాసిన వెక్స్‌ఫర్డ్ నవలలు 24. 1964 నుంచి 2013 దాకా, ససెక్స్‌లో కింగ్స్‌మార్కమ్ అనే కల్పిత ఊళ్లో జరుగుతాయి. వెక్స్‌ఫర్డ్‌కి భార్య, ఇద్దరు కూతుళ్లు, ప్రశాంతమైన సంసారం. తాగుడూ విడాకులూ విసుగొచ్చినవాళ్లకి ఇది మంచి చోటు. అన్నీ చదవక్కర్లేదు. 1994 నాటి 'సిమిసోలా' ఒక్కటి తప్పకుండా చదవండి. నైజీరియా నుంచి వచ్చిన డాక్టరు గారి అమ్మాయి కనబడకుండా పోతుంది. తనకి వర్ణవివక్ష లేదని నమ్మే వెక్స్‌ఫర్డ్, నడుమ ఒక ఘోరమైన పొరపాటు చేస్తాడు. అదేమిటో చెప్పను. లండన్ ఆసుపత్రిలో రోజూ ఆ చూపుల మధ్య పనిచేసే మా అమ్మాయి ఆ అధ్యాయం అయ్యాక నాకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది.

రెండోది మన దేశంలో జరిగే కథ. అబీర్ ముఖర్జీ స్కాట్లాండ్‌లో పెరిగిన బెంగాలీ. 2016లో వచ్చిన 'ఎ రైజింగ్ మ్యాన్'లో స్కాట్లాండ్ యార్డ్‌లో పనిచేసిన సామ్ విండమ్ మొదటి ప్రపంచ యుద్ధం నుంచి బయటపడి 1919లో కలకత్తా పోలీసుల్లో చేరతాడు. పక్కన సార్జెంట్ సురేంద్రనాథ్ బెనర్జీ. ఆ పేరు నోరు తిరక్క తెల్లవాళ్లు 'సరెండర్ నాట్' అంటారు. ఒక తెల్ల అధికారి శవం నోట్లో కుక్కిన కాగితం దొరకడంతో మొదలవుతుంది. రౌలట్ చట్టం రోజులు. బెనర్జీ వేసుకున్న యూనిఫాం ఎవరిదన్న ప్రశ్న నవలంతా వెంటాడుతుంది. కాలేజీ పిల్లలకి బహుమతిగా ఇవ్వాలంటే నేను దీన్నే కొంటాను.

ఎవరికి ఏది

ఏకబిగిన చదివేవాళ్లు, ఊరంటే ఇష్టపడేవాళ్లు, చీకటిని తట్టుకోగలవాళ్లు 'ది ఫాల్స్' తీసుకోండి. నచ్చాక వెనక్కి వెళ్లి 'బ్లాక్ అండ్ బ్లూ' నుంచి వరసగా రండి. పొడుపుకథలు, సుడోకు, పద్యాల్లో తిరకాసులు ఇష్టమైతే మోర్స్, 'నికొలస్ క్విన్' నుంచి. ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో, పెద్ద ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి, రాత్రి పదేసి పేజీలు చదివేవాళ్లకి డాల్గ్లిష్. ఇంగ్లీషు అంటే ఇంకా బెరుకున్నవాళ్లు 'రేవెన్ బ్లాక్'. ఇంట్లో పెద్దవాళ్లకి ఇస్తుంటే ముందు అక్షరాల సైజు చూడండి. పాత పేపర్‌బ్యాక్‌లలో అచ్చు బాగా చిన్నది, అక్కకి ఇప్పుడు అన్నీ ట్యాబ్‌లో అక్షరాలు పెద్దవి చేసి ఇస్తున్నాను.

సిరీస్ మొత్తం ఒకేసారి కొనకండి. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇలాంటి పాత ఇంగ్లీషు పేపర్‌బ్యాక్‌ల కోసం వెతకండి. అక్కడ కొనేటప్పుడు చివరి పేజీలు ఉన్నాయో లేవో తిప్పి చూసుకోండి. నా మొదటి 'లాస్ట్ బస్ టు ఉడ్‌స్టాక్'కి ఆఖరి పదహారు పేజీలు లేవు. ఆ రెండో అమ్మాయి ఎవరో తెలియడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.